పెట్రోలు ఎందులో పోసుకోమంటారు?

రాష్ట్ర విపత్తుల నిర్వహణ అధికారులకు,

ఫైలిన్ తుపాను 2013లో అక్టోబరు 12న వచ్చింది. ఏడాది తిరిగేసరికి హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే విశాఖ మీద పడింది. తిత్లీ 2018లో అక్టోబరు 11 తెల్లవారుజామున మా వజ్రపుకొత్తూరు తీరం దగ్గరే ఒడ్డెక్కింది. 2025లో మొంథా అక్టోబరు 28న వచ్చింది. ఆసారి దెబ్బ మాకు కాదు, గోదావరి జిల్లాల వాళ్లకు. ఇన్ని చూశాక మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దసరా పనులతో పాటు తుపాను పనులు కూడా మొదలవుతాయి. కొబ్బరిచెట్టు ఇంటి మీదికి వాలి ఉంటే కొట్టించుకోవడం, పెంకులు సర్దించుకోవడం, జనరేటరు ఉన్నవాళ్లు దాన్ని బయటికి తీసి దుమ్ము దులపడం. ఈ చివరి పని దగ్గరే నాకు మీతో మాట్లాడాల్సిన అవసరం వచ్చింది. నేను కాశీబుగ్గలో ఇంజన్లు, పంపుసెట్లు, చిన్న జనరేటర్లు బాగుచేసుకుంటూ బతికేవాణ్ణి.

తుపాను వస్తోందంటే ఫోన్లకు సందేశాలు వస్తాయి. వేటకు వెళ్లవద్దు, పాత ఇళ్లలో ఉండవద్దు, ఫోన్లు ఛార్జింగు పెట్టుకోండి, తాగునీళ్లు, మందులు, టార్చిలైటు దగ్గర పెట్టుకోండి. మంచి మాటలే. ఈ సందేశాల వల్ల కూడా ఇవాళ తుపానులో చచ్చిపోయేవాళ్ల లెక్క 1977 దివిసీమ ఉప్పెన రోజుల లెక్క కాదు. ఆ సంగతి మా తరం మరిచిపోదు. అయితే సందేశం చదివాక మావాళ్లు చేసే మొదటి పని బంకుకు పరిగెత్తడం. ఆ పని గురించి కూడా నాలుగు మాటలు అందులో చేర్చమనీ, ఆ మాటలు నిజంగా అమలయ్యేలా ఒక చిన్న ఏర్పాటు చేయమనీ అడగడానికే ఈ ఉత్తరం.

తుపాను ముందురోజు సాయంత్రం మా వైపు ఏ బంకు దగ్గరికైనా వచ్చి పావుగంట నిలబడండి. గాలి అప్పటికే మొదలై ఉంటుంది. బైకుల వరస రోడ్డు దాకా ఉంటుంది. పంపు మీద 'సీసాల్లో పెట్రోలు పోయబడదు' అని బోర్డు. కుర్రాడు టాంకు నిండా కొట్టించుకుంటాడు, గోడ చాటుకు వెళ్తాడు, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీస్తాడు. పాత బళ్లకైతే టాంకు కింద కాక్ దగ్గర పైపు ఊడదీస్తే పెట్రోలు దానంతట అదే కారేది. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లకు ఆ సౌకర్యం లేదు, పంపు టాంకు లోపలే ఉంటుంది. అందుకని టాంకు మూత తీసి, ప్లాస్టిక్ పైపు పెట్టి, నోటితో లాగుతాడు. గుక్క గొంతులోకి పోతే దగ్గుతాడు, ఉమ్ముతాడు, నవ్వుతాడు. ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి దిగితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. కొద్ది చుక్కలు చాలు, న్యుమోనియాతో ఆసుపత్రి పాలవడానికి. సీసా నింపి సంచిలో పెట్టుకుని మళ్లీ వరసలో నిలబడతాడు.

బోర్డు ఉంది, బోర్డు మాట నెగ్గింది, పెట్రోలు మాత్రం సీసాలోకే చేరింది. పైగా మధ్యలో ఒక గోడ చాటు, ఒక పైపు, ఒక గుక్క అదనంగా చేరాయి.

ఆ బోర్డు ఎందుకు పెట్టారో తెలియనివాణ్ణి కాదు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారును ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆ నెలాఖరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిని చంపి పెట్రోలు పోసి కాల్చేసిన ఘోరం తర్వాత బంకుల మీద కట్టడి పెరిగింది. ఆ కట్టడి తీసెయ్యమని నేను అడగను. ఎవడు పడితే వాడు సీసా పట్టుకెళ్తే పోసే రోజులు మళ్లీ రాకూడదు. అయితే పగబట్టినవాడికీ, తుపాను ముందు ఇంట్లో ముసలి తల్లికి నీళ్ల మోటారు ఆడించుకోవాలనుకునేవాడికీ తేడా తెలుసుకునే దారి ఒకటి ఉండాలి కదా.

ఇంట్లో పెట్రోలు అసలెందుకు అని మీలో ఎవరికైనా అనిపిస్తే, తిత్లీ తర్వాత వారం గుర్తు చేస్తాను. స్తంభాలు వరసకు వరస నేలకొరిగాయి. కొబ్బరి, జీడి తోటలు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. చెట్లు నరుక్కుంటూ పోతే గాని బండి కదల్లేదు. వేరే జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బంది వచ్చి రాత్రింబవళ్లు పనిచేసినా లోపలి ఊళ్లకు కరెంటు రావడానికి రోజులకు రోజులు పట్టింది. పంచాయతీ టాంకుల్లోకి నీళ్లెక్కించడానికి జనరేటర్లను ఊరూరా తిప్పారు. ఫోను ఛార్జింగుకు డబ్బులిచ్చి వరసలో నిలబడ్డారు. బంకుల్లో కూడా పంపు తిరగాలంటే కరెంటే కావాలి. సిగ్నలు లేకపోతే ఫోన్‌పేలు నడవవు, నోట్లున్నవాడికే పెట్రోలు. పైగా ఇది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఇంటింటి మాట అయిన చోట తాగే నీళ్లు ఎలాంటివన్నది చిన్న విషయం కాదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్న ఈ రోజుల్లో కూడా నీళ్లు టాంకెక్కాలంటే కరెంటు ఉండాలి. అందుకని "కరెంటు పోయిందంటే పది రోజులు మరి చూడక్కర్లేదు బావా, ఇప్పుడు పోసుకోకపోతే ఇంకెప్పుడు" అన్నవాణ్ణి నేను తప్పుపట్టలేను.

తప్పు పోసుకోవడంలో లేదు. ఎందులో పోసుకున్నాడు, ఎక్కడ పెట్టాడు, ఎంత పెట్టాడు అన్నదాంట్లో ఉంది.

ఇక్కడ ఒక పాత అలవాటు సంగతి చెప్పాలి. మా ఇళ్లలో రెండు మూడు తరాలు కిరోసిన్‌తో బతికాయి. రేషన్ కిరోసిన్ తెచ్చి, మంచం కిందో పొయ్యి పక్కనో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకున్నాం. లాంతరు వెలిగిస్తూనే పక్కన బుడ్డి నింపుకున్నాం. మా చిన్నప్పటి హోండా జనరేటర్లు కూడా పెట్రోలు మీద స్టార్టయి కిరోసిన్ మీద నడిచేవి. ఇప్పుడు రేషన్ కిరోసిన్ లేదు, ఆ సెట్లూ లేవు. డబ్బా మాత్రం అదే, పెట్టే చోటూ అదే, లోపలిది మారింది. కిరోసిన్ మంటకు దొరికేంత ఆవిరి వదలాలంటే కనీసం 35 డిగ్రీలు దాటాలి. పెట్రోలుకు సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా ఆ పని సాధ్యమే. మా ఊరి వేడిలో మూత సరిగా పడని డబ్బా రోజంతా ఆవిరి వదులుతూనే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం దాకా చేరిందా, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ ఆవిరి పైకి పోదు. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కనక గడప మీద పోసిన నీళ్లలా పల్లం వెతుక్కుంటూ నేల మీదే జారుతుంది. మా ఊళ్లలో ఇళ్లు ఎలా ఉంటాయో మీ అధికారుల్లో ఈ జిల్లా వాళ్లుంటే తెలుసు. వీధి పొడవునా ఒకే వరస, ఇంటికీ ఇంటికీ నడుమ ఒకే గోడ. ముందు అరుగు, దాని వెనక గది, దాని వెనక గది, చివర వంటిల్లు, ఆ వెనక పెరడు. మధ్య గదిలో మూల పెట్టిన డబ్బా నుంచి ఆవిరి బయలుదేరితే వంటింట్లో గ్యాసు పొయ్యి దాకానో, దేవుడి దీపం దాకానో తిన్నగా దారి ఉంటుంది. తుపాను కదా, కిటికీలు తలుపులు అన్నీ బిగించి ఉంటాయి. ఫ్రిజ్ ఆగి మళ్లీ స్టార్టయ్యేటప్పుడు లోపల పుట్టే చిన్న మెరుపు కూడా దానికి సరిపోతుంది. ఒక ఇల్లు అంటుకుంటే వరస మొత్తానికీ ముప్పే. పెరట్లో కొబ్బరి పీచు కుప్ప ఉన్న ఇంటి సంగతి వేరే చెప్పాలా.

సీసా వల్ల ఇంకో ముప్పుంది, నిప్పుతో సంబంధం లేనిది. మంచినీళ్ల సీసాలో పోసిన పెట్రోలు, చీకట్లో, దాహం వేసిన పిల్లాడి చేతికి మంచినీళ్లే. తాగినవాడికి వాంతి చేయించకూడదని ఊళ్లో సగం మందికి తెలియదు. ఉప్పునీళ్లు పట్టి కక్కిస్తారు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగేది.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తాను. దీని గురించి బంకు కుర్రాడినే కాదు, చదువుకున్నవాళ్లను అడిగినా 'ఇంట్లో పెట్రోలు పెట్టుకోవడం నేరం' అంటారు. నేరం కాదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ఎనిమిదో సెక్షను ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. తొమ్మిదో సెక్షను ఇంజను ఉన్నవాడికి, అంటే బండి గాని జనరేటరు గాని ఉన్నవాడికి, టాంకులో ఉన్నది కాక, ఆ ఇంజను నడుపుకోవడానికి 100 లీటర్ల దాకా వెసులుబాటు ఇచ్చింది. ఎన్ని బళ్లు, ఎన్ని జనరేటర్లున్నా మొత్తం అంతే. ఆ వెసులుబాటు వెనకే షరతు కూడా ఉంది. బిగుతుగా మూత పడే గాజు, జాడీ మట్టి లేదా లోహపు పాత్రలోనే ఉంచాలి. గాజూ జాడీ అయితే లీటరుకు మించకూడదు, లోహమైతే 25 లీటర్లకు మించకూడదు. 30 లీటర్లు దాటితే మనుషులు ఉండే, పనిచేసే గదులతో సంబంధం లేని విడి చోట పెట్టాలి. తొంభై ఏళ్ల కిందటి తెల్లదొరల చట్టమే గాని, మా వరస ఇళ్లను చూసి రాసినట్టుంటుంది.

ఆ పాత్రల జాబితాలో ప్లాస్టిక్ లేదు. మా ఇళ్లలో పెట్రోలుకు దొరికేది ప్లాస్టిక్ ఒక్కటే. నీళ్ల టిన్ను, నూనె డబ్బా, కూల్‌డ్రింకు సీసా. ఎండకు లోపల ఒత్తిడి పెరిగితే సీసా ఉబ్బుతుంది, మూత దగ్గర చెమర్చినట్టు తడి కనిపిస్తుంది. పోసేటప్పుడు ప్లాస్టిక్ మీద పుట్టే స్థిర విద్యుత్తు ఎక్కడికీ పోలేక అక్కడే ఉంటుంది. అందుకే డబ్బాను బండి మీదో, ఆటో సీటు మీదో పెట్టి కాకుండా నేల మీద పెట్టి, నాజిల్‌ను డబ్బా మూతికి ఆనించి నింపాలంటారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడి ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఫొటో పంపి "మావయ్యా, ఇక్కడందరూ దీంట్లోనే పోసుకుంటారు, నువ్వు మరీ ఇదైపోతున్నావు" అన్నాడు. ఆ డబ్బాను అక్కడ పెట్రోలు కోసమే చేసి, పరీక్షలు పెట్టి, దాని మీద ముద్ర వేసి అమ్ముతారు. మన నీలం నీళ్ల టిన్నుకు దానితో రంగులో కూడా చుట్టరికం లేదు.

అలాగని సరైన రేకు డబ్బా కొనుక్కుందామంటే అంత సులువా? కాశీబుగ్గ బజారంతా తిరిగినా జీడిపప్పు టిన్నులు దొరుకుతాయి గాని పెట్రోలుకు పనికొచ్చే, రబ్బరు వాషరుతో మూత బిగిసే ఉక్కు డబ్బా దొరకడం కష్టం. జీడిపప్పు టిన్నులో పోసుకున్నవాళ్లూ ఉన్నారు. దాని మూత ఎత్తి పెట్టేదే తప్ప బిగిసేది కాదు.

ఎంత పెట్టుకోవాలన్నది ఇంకా ముఖ్యం. ఈ లెక్క ఎవరూ వెయ్యరు, భయం వేసిన లెక్కే ఉంటుంది. ఇళ్లలో ఉండే రెండు కేవీఏ సెట్టు సగం లోడు మీద గంటకు సుమారు ముప్పావు లీటరు తాగుతుంది. పొద్దున గంట నడిపితే అర హెచ్‌పీ మోటారుతో టాంకు నిండుతుంది. సాయంత్రం రెండు గంటలు నడిపితే ఫోన్లు, టార్చిలు, ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కుతాయి, ఫ్రిజ్ కాస్త చల్లబడుతుంది. రోజుకు రెండుంపావు లీటర్లు. పది లీటర్ల డబ్బా నాలుగు రోజులొస్తుంది, సెట్టు టాంకులో ఉన్నది వేరే. మామూలు ఇంటికి ఇంతకు మించి అక్కర్లేదు. యాభై లీటర్లు దాచినవాడు తుపాను నుంచి కాపాడుకుంటున్నానని అనుకుంటాడు గాని, తుపాను కంటే పెద్దదాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. ఫ్యాను రాత్రంతా తిరగాలి, టీవీ ఆడాలి అంటే లెక్క మారుతుంది, నిజమే. వాళ్లకు ఇన్వర్టరు కొనుక్కోమనడమే మేలు.

ఎన్నాళ్లు పెట్టుకోవచ్చన్నదానికి నా బల్ల మీదే సాక్ష్యం ఉంటుంది. తుపాను మర్నాడు షాపు ముందు జనరేటర్లు వరస కడతాయి. "నిన్నటిదాకా బాగానే ఉంది అన్నా, తాడు లాగీ లాగీ భుజం పోయింది" అంటారు. కార్బ్యురేటర్ కింది బౌలు విప్పుతాను. అడుగున పెట్రోలు కింద నీటి పూసలు వేరుగా, పాదరసంలా దొర్లుతుంటాయి. గోడలకు లేత ఆకుపచ్చ జిగురు. అల్యూమినియం మీద తెల్లటి పొడి. వెంట్రుక దూరేంత జెట్టు రంధ్రం ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. పోయిన ఏడాది తుపానుకు దాచిన పెట్రోలు ఈ ఏడాది పోశారన్నమాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. పీల్చగా పీల్చగా ఒక దశలో నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. కార్బ్యురేటరుకు ముందు చేరేది ఆ అడుగుదే. మూత బిగిసిన డబ్బాలో నీడన పెడితే కొన్నాళ్లు ఆగుతుంది, తీసి వాడుతూ మూసిన డబ్బాలోదైతే మా వేడికి మూడు నెలలు దాటి నమ్మకూడదు. డబ్బా మీద తేదీ రాసి, నెలా రెండు నెలలకోసారి అది బండిలో పోసేసి కొత్తది నింపుకుంటే ఒక్క రూపాయి వృథా కాదు. నాకు గిరాకీ తగ్గుతుంది, పర్వాలేదు.

డబ్బా నింపేటప్పుడు ఇరవై లీటర్ల డబ్బాలో ఒక లీటరు ఖాళీ వదలాలి. వేడికి పెట్రోలు పెరుగుతుంది. ఇది కూడా మీ సందేశంలో చోటుంటే రాయండి.

ఇక నడిపే వేళ. వానకు తడుస్తుందని సెట్టును వసారాలోకి, అక్కణ్ణుంచి గదిలోకి తెస్తారు. సైలెన్సరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత, అంతే, నిద్రలోనే పోతారు. షట్టరు దించుకుని షాపులో జనరేటరు నడిపి పడుకునేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి. వానకు రేకు పందిరి ఏదైనా కట్టుకుని బయటే పెట్టాలి, తలుపుకూ కిటికీకీ దూరంగా. రెండోది, నడుస్తుండగానే పెట్రోలు పోయడం. టీవీలో మ్యాచ్ ఆగిపోతుందనో, మోటారు మధ్యలో ఉందనో ఆపరు. సైలెన్సరు ఎర్రగా కాలి ఉంటుంది, గరాటు లేదు, చేతిలో టార్చి. చినుకంత ఒలికితే చాలు. ఆపి, పావుగంట చల్లారనిచ్చి పోయాలి. మూడోది మీ శాఖకు కాదు, విద్యుత్ వాళ్లకు సంబంధించినది, అయినా చెబుతాను. రెండు వైపులా ప్లగ్గు కట్టిన వైరుతో జనరేటరును గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లున్నారు. మెయిను ఆపడం మరిచిపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వెనక్కి, హైటెన్షనై, స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ చేతిలోకి పోతుంది. వేరే జిల్లా నుంచి మనకోసం వచ్చిన మనిషి అతను. ఛేంజోవరు స్విచ్చి లేకుండా ఇంటి వైరింగుకు జనరేటరు కలపకూడదు.

నేను అడిగే ఏర్పాటు ఇది. గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటు ఉంటారు. ఏ ఇంట్లో జనరేటరు ఉందో ఆ ఊళ్లో ఆయనకు తెలియకుండా ఉండదు. సెప్టెంబరు నెలలో ఆ ఇళ్ల పేర్లు రాయించండి. ఆయన వెళ్లి సెట్టు ఎక్కడ పెడతారో, డబ్బా ఎక్కడ పెడతారో, ఛేంజోవరు ఉందో లేదో చూసి ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీ, ఆధార్, మూత బిగిసే లోహపు డబ్బా, ఈ మూడూ తెచ్చినవాడికి తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో పది లీటర్ల దాకా బంకులో పోయవచ్చని జిల్లా కలెక్టర్లతో ఉత్తర్వు ఇప్పించండి. బంకులో పుస్తకంలో రాసుకుంటారు. సీసా పట్టుకొచ్చినవాడికి ఇప్పటిలాగే లేదనాలి. అప్పుడు ఆ బోర్డు మాట నిజంగా నెగ్గుతుంది. గోడ చాటు పని ఉండదు. డబ్బాల సంగతి కూడా చమురు కంపెనీలతో మాట్లాడండి. ఆమోదం ఉన్న ఉక్కు డబ్బా అదే బంకులో ఇంజనాయిలు డబ్బాలా అమ్మకానికి పెడితే మా వాళ్లు కొంటారు. ప్రాణం మీద తీపి అందరికీ ఒకటే, దొరకని వస్తువు కొనమంటేనే కష్టం.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. చీటీలు కావలసినవాళ్లకే ఇస్తారు, పార్టీ చూసి ఇస్తారు, ఒకే చీటీ మీద నాలుగు బంకులు తిరుగుతారు. జరగవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది దానికంటే మెరుగేం కాదు. లూజు పెట్రోలు కిరాణా కొట్ల ముందు సీసాల్లో వేలాడుతోంది, ఎవరు కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో ఏ పుస్తకంలోనూ లేదు.

జనరేటరు లేని ఇళ్లే ఎక్కువ. వాళ్ల కోసం అడిగేది వేరు. ఊరికో డీజిల్ సెట్టు, తుపాను షెల్టరు దగ్గరో, సచివాలయం దగ్గరో. డీజిలు పెట్రోలంత ఆవిరి వదలదు, అందుకే చట్టం దాని విషయంలో చాలా ఉదారంగా ఉంది. విడివిడి పాత్రల్లో 2,500 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదు. ఒక సెట్టు, ఒక డ్రమ్ము, నడపడం తెలిసిన ఒక మనిషి. ఫోన్లు అక్కడ ఎక్కించుకోవచ్చు, మంచినీళ్ల మోటారు ఆడుతుంది, నెబ్యులైజరు పెట్టుకునే ముసలివాళ్లు అక్కడికి రావచ్చు. ఊరి సెట్టు గ్యారంటీగా నడుస్తుందని నమ్మకం కుదిరిన చోట ఇళ్లలో పెట్రోలు దాచేవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గుతారు. ఆ నమ్మకం కుదరాలంటే మాత్రం సెట్టును ఏడాదిలో ఒక్కసారి తుపాను రోజున కాదు, నెలకోసారి అరగంట నడపాలి. ఎండిపోయిన బ్యాటరీతో, ఎలుకలు కొరికిన వైర్లతో తాళం వేసిన గదిలో నిలబడ్డ సెట్టు ఎవరికీ ధైర్యం ఇవ్వదు.

మీ సందేశంలో చేర్చమనే మాటలు నేనే రాసి పంపుతున్నాను, మార్చుకోండి: "జనరేటరుకు పెట్రోలు పది లీటర్లు చాలు. మూత బిగిసే లోహపు డబ్బాలోనే ఉంచండి. ఇంటి బయట, నీడలో, పొయ్యికీ దీపానికీ దూరంగా పెట్టండి. నీళ్ల సీసాల్లో పోయకండి. నోటితో లాగకండి. జనరేటరు బయటే నడపండి, ఆపి చల్లారాకే పోయండి." ఇంతే. ఫోనులో ఒక్క తెర.

ఇంకో సందేశం డిసెంబరు నెలాఖరున పంపండి. అప్పటికి సముద్రం కాస్త శాంతిస్తుంది, డబ్బాలు మాత్రం మూలన అలాగే ఉంటాయి, ఎవరికీ గుర్తుండవు. సంక్రాంతికి పిల్లలు ఊరొస్తారు, భోగి మంటలు వేస్తారు. ఆ లోపల మిగిలిన పెట్రోలు బండిలో పోసెయ్యమని, జనరేటరు టాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటరులో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపమని చెప్పండి.

ఇట్లు,
కాశీబుగ్గ నుంచి ఒక ఇంజన్ మెకానిక్